కెప్టెన్ అసిరమ్మ

"ఈ అసిరమ్మ ఎవరో సాయంత్రం నాలుగింటిలోపల తేలకపోతే తులసి టీం రద్దు చెయ్యాల్సిందే" అని శ్రీరామ్ నిండు సభలో పట్టుబట్టాడు. తులసి రాజాం నూకాంబికా టాకీస్ మేడమెట్లు గబగబా దిగిపోయింది. పైన కూర్చున్న పాతికమందీ ఆ పిల్ల మొహం చెల్లక పారిపోయిందనే అనుకున్నారు. కిందటి భాగంలో మనం ఆమెను విడిచిపెట్టింది ఆ మెట్ల దగ్గరే.

ఆట సంగతి ఒకసారి తలుచుకుంటే కథ నడక సులువవుతుంది. క్రికెట్‌కి జట్లు కట్టుకున్నట్టే, సినిమావాళ్ళతో జట్లు కట్టుకునే ఆట ఈ వెండితెర లీగ్. ఉగాదినాడు ప్రతి సభ్యుడూ పదకొండు మందిని ఎంచుకుంటాడు. హీరో, హీరోయిన్ దగ్గర్నుంచి కెమెరామాన్, గాయని దాకా. ఏడాదంతా వాళ్ళ సినిమాలు ఎలా ఆడాయన్నదాన్ని బట్టి పాయింట్లు వస్తాయి. ఏడాది చివర విశాఖపట్నంలో ఇచ్చే తూర్పుతీర సినీ పురస్కారాలకి నామినేషన్ వస్తే నలభై, గెలిస్తే వంద. పదకొండు మందిలో ఒకరు కెప్టెన్. కెప్టెన్ తెచ్చిన పాయింట్లు రెట్టింపు. గెలిచినవాళ్ళకి కప్పూ లేదు, సొమ్మూ లేదు. వాళ్ళు కోరిన సినిమాని టాకీస్ మేనేజరు ఉమాశంకర్ పెద్ద తెర మీద ఒక ఉదయం ఆట వేస్తాడు. ఆ ఆటకి ఎవరిని పిలుచుకుంటారో వాళ్ళ ఇష్టం.

కిందటి ఉగాదికి అందరూ పేరున్న హీరోలని కెప్టెన్లుగా పెట్టుకుంటే, రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేసే తులసి మాత్రం "కెప్టెన్: అసిరమ్మ, గాయని" అని పంపింది. అసిరమ్మ ఎవరో ఎవరికీ తెలీదు. వాట్సాప్ గ్రూపులో ఏడాది పొడుగునా నవ్వుకున్నారు. ఎవరి టీం దెబ్బతిన్నా "కెప్టెన్ అసిరమ్మని పిలవండి" అనేది వాళ్ళ హాస్యం. పోయిన వారం నామినేషన్లు వచ్చాయి. ఉత్తమ గాయని వరసలో, 'కెరటాల కింద' అనే ఓ చిన్న సినిమాకి, అసిరమ్మ పేరుంది. ఆ రోజుతో నవ్వు పోయి అనుమానం వచ్చింది.

అయితే తులసి పారిపోలేదు. మార్చి ఎండలో, ఆదివారం సంతలోంచి, ఎండుచేపలమ్మే రేకుల షెడ్డు వైపు పరుగులాంటి నడకతో వెళ్ళింది.

షెడ్డు చివర గోనెపట్టా పరుచుకుని, నెత్తళ్ళ కుప్ప వెనక ఒక అరవై ఎనిమిదేళ్ళ మనిషి కూర్చుని ఉంది. ఎండకీ ఉప్పుకీ నల్లబడిన చర్మం, మోచేతుల దాకా పచ్చబొట్లు. రణస్థలం అవతల సముద్రపు ఒడ్డున ఉన్న పాతదిబ్బలపాలెం నుంచి ప్రతి ఆదివారం మొదటి బస్సుకే వస్తుంది.

"అమ్మమ్మా, లెగు. నాతో రా" అంది తులసి రొప్పుతూ.

"ఏటయినాది? ల్యాబ్‌లో ఏటైనా పగలగొట్టీసినావేటి?"

"కాదు. టాకీసుకి రావాల."

"బేరం ఏళ సినిమా ఏటే?"

తులసి ఆమె ఎదురుగా గొంతుక్కూర్చుంది. "ఏణ్ణర్థం కిందట మన ఒడ్డుకి సినిమావోళ్ళు వచ్చినారు, గేపకం ఉన్నాదా? నువ్వు వల పాట పాడితే మిషన్లో పట్టుకున్నారు."

"ఉన్నాది. ఒక సీర ఎట్టినారు. మళ్ళీ వస్తామని ఎల్లిపోనారు. రానేదు."

"ఆ సినిమాలో నీ పేరు ఏసినారు. నాను కళ్ళారా సూసినాను. ఇయ్యాల ఆ పాటకి బహుమానం ఇస్తారో నేదో తేలతాది. నువ్వు ఎవులివో సూపించకపోతే నా ఆట పోద్ది."

అసిరమ్మ చేతిలోని తక్కెడ కింద పెట్టింది. ఆమెకి ఆట సంగతి బోధపడలేదు గాని, అసలు సంగతి బోధపడింది.

"సూసినదానివి ఇన్నాళ్ళూ నాకు ఎందుకు సెప్పనేదు?"

తులసికి కిందటి ఆగస్టులో ఒక మధ్యాహ్నం కళ్ళముందు కదిలింది. విశాఖపట్నంలో ఒకే ఒక్క హాల్లో, ఒకే ఒక్క వారం ఆడింది ఆ సినిమా. హాల్లో పదకొండు మంది. తెర నిండా తెల్లవారుజాము సముద్రం, దాని మీంచి అమ్మమ్మ గొంతు. తాను పుట్టినప్పటి నుంచీ వింటున్న గొంతు అంత పెద్దదని ఆ రోజుదాకా ఆమెకు తెలీదు. ఇంటికి పరిగెత్తి చెప్పాలనుకుంది. బస్సులో కూర్చున్నాక మనసు మారింది.

"సెప్తే ఇనిపించమంటావు. ఫోన్లో ఇనిపించడం నాకు ఇష్టం నేదు. పెద్ద తెర మీద, మన పాలెం అంతా కూకొని సూస్తంటే, అప్పుడు ఇనాల నువ్వు. అప్పట్నుంచి దానికే ఈ ఆట ఆడతన్నాను."

అసిరమ్మ నెత్తళ్ళ మీద ఇంకో గోనె కప్పి, పక్క గోనె మీదున్న దానమ్మతో "ఒసే, ఇది సూస్తుండు" అని లేచింది.

* * *

మేడమీద హాలులో అందరికన్నా ముందు కుర్చీలో అనంతపద్మనాభం గారు కూర్చుని ఉన్నారు. విజయనగరంలో నలభై ఏళ్ళు వయొలిన్ నేర్పి, తమ్ముడింటికి దగ్గరగా ఉండొచ్చని రాజాం వచ్చి స్థిరపడిన మనిషి. లీగ్‌లో ఆయన ఒక్కరే ఆడరు. అందుకే ఆయన్ని అధ్యక్షుడిగా పెట్టుకున్నారు. ఏడాదంతా పట్టికలో మొదటి స్థానం వదలని శ్రీరామ్ ఆయన తమ్ముడి కొడుకే. ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరరు, లెక్క తప్పని మనిషి.

గడియారం మూడు గంటల ఐదు నిమిషాలు చూపిస్తుండగా తులసి గుమ్మంలోకి వచ్చింది.

"ఈవిడే అసిరమ్మ. మా అమ్మమ్మ."

ముందు వరసలో ఒకాయన జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. అసిరమ్మ అది చూసింది.

"ఎండుసేపల వాసన బాబూ. మీ ఇంటిలో కూర ఉడుకుతుంటే కూడా గుడ్డ అడ్డమెట్టుకుంటారేటి?"

హాలంతా నవ్వింది. ఆయనా నవ్వి రుమాలు జేబులో పెట్టుకున్నాడు. శ్రీరామ్ మాత్రం నవ్వలేదు. లేచి నిలబడ్డాడు.

"మీ అమ్మమ్మ పేరు అసిరమ్మే కావచ్చు తులసీ. మన జిల్లాలో వీధికొక అసిరమ్మ ఉంటుంది. ఆ సినిమాలో పాడింది ఈవిడేనని రుజువేమిటి? ఇంకో మాట. ఉగాదినాటికి ఆ సినిమా విడుదలే కాలేదు. నువ్వు అప్పటికే కెప్టెన్‌ని చేశావు. లోపలివాళ్ళెవరో చెప్పకపోతే నీకెలా తెలుస్తుంది?"

అడిగిన దాంట్లో న్యాయం ఉంది. తులసికీ ఆ సంగతి తెలుసు.

"లోపలివోళ్ళెవులూ సెప్పనేదు సార్. పాట పట్టుకున్న రోజు నాను అక్కడే ఉన్నాను. పాట అయిపోయినాక ఆ రికార్డింగ్ అతను సెవులకి ఎట్టుకున్నవి తీసీసి ఇసకలో కూలబడిపోనాడు. ఇది జనంలోకి ఎల్తాదని నాకు అప్పుడే అనిపించినాది. మీరందరూ పోస్టర్లు సూసి ఎంచుకున్నారు. నాను పాట ఇని ఎంచుకున్నాను."

"అలగైతే ముందే సెప్పీవలసింది కదమ్మా" అన్నాడు ఉమాశంకర్ నొచ్చుకుంటూ.

"ఏడాది నవ్వినారు కదా సార్, కెప్టెన్ అసిరమ్మ అని. నన్ను సూసి నవ్వితే పడతాను. మా అమ్మమ్మని సూసి నవ్వితే పడను."

ఆ మాటకి చాలామంది చూపులు నేల మీదికి వాలాయి. శ్రీరామ్ ఫోను తీసి స్పీకరు వైపు కదిలాడు. "సరే, పాట వేస్తాను. ఆవిణ్ణి కూడా పాడమనండి. పోల్చి చూద్దాం."

"వద్దు" అని తులసి అడ్డం వచ్చింది. ఆ ఒక్క అంగుళం స్పీకరులోంచి అమ్మమ్మ తన పాట మొదటిసారి వింటే, ఇన్ని నెలలుగా తులసి కాపాడుకొచ్చిందంతా అక్కడితో సరి.

అనంతపద్మనాభం గారు చెయ్యెత్తారు. "వెయ్యక్కర్లేదురా శ్రీరామూ. నామినేషన్లు వచ్చిన రోజు నుంచి నేను ఆ పాట ఇరవైసార్లు విన్నాను. నా చెవిలో ఉంది. ఆవిడ పాడితే చాలు, అవునో కాదో నేను చెబుతాను. నా మాట నీకు సమ్మతమేనా?"

"మీ చెవి మీద నాకు అనుమానం లేదు పెదనాన్నా."

"ఏవమ్మా, పాడతారా?"

"పాడను" అంది అసిరమ్మ.

తులసి ఆమె వైపు గిరుక్కున తిరిగింది. "అమ్మమ్మా."

"రాదే. నాకు కోపమొచ్చి కాదు. ఆ పాట నోట్లో ఉండదు బాబూ, వల్లో ఉంటాది. బరువు లాగుతుంటే దానంతట అదే వస్తాది. ఇలగ ఫ్యాను కింద నిలబడి పాడమంటే నాకు ముక్క గుర్తు రాదు."

శ్రీరామ్ గడియారం చూశాడు. అప్పుడు ఉమాశంకర్ ఒక్కసారిగా లేచి హాలు మూలకి నడిచాడు. అక్కడ పాత ప్రొజెక్టరు ఉంది, ఇనప దిమ్మతో సహా. టాకీసులోకి డిజిటల్ యంత్రం వచ్చిన దగ్గర్నుంచి నాలుగేళ్ళుగా ఆ మూలనే దుమ్ము పట్టి పడి ఉంది. తుక్కువాళ్ళు రెండుసార్లు వచ్చి, కదపలేక వెళ్ళిపోయారు.

"బరువు సరిపోతాదా అమ్మా?"

అసిరమ్మ దాన్ని చేత్తో తట్టి చూసింది. "సరిపోద్ది. తాడు తెండి."

పోస్టర్లు పైకెత్తే లావుపాటి తాడు వచ్చింది. ముడి అసిరమ్మే వేసింది. కుర్చీలన్నీ గోడవారకి జరిపారు. లుంగీలు, ప్యాంట్లు పైకి మడిచి పదిహేను మంది తాడు పట్టుకున్నారు. శ్రీరామ్ ముందు ఒద్దనుకున్నాడు గాని, పక్కనున్నవాళ్ళు చోటిస్తే వచ్చి పట్టుకున్నాడు.

"సేతుల్తో లాగీకండి, జబ్బలు పోతాయి. నడుం ఎయ్యండి. నాను పాదం అన్నాక మీరు 'ఓ లాగు' అనాల. అన్నప్పుడే లాగాల. ముందు లాగినోడు ముందు పడతాడు."

తులసి కూడా తాడు చివర పట్టుకుంది. అసిరమ్మ కొంగు నడుముకి బిగించి, తాడు మీద ఒక చెయ్యి వేసి, కళ్ళు ఎక్కడో దూరాన పెట్టింది.

"తూరుపెక్కిన తల్లి..."

"ఓ లాగు" అన్నారు పదిహేను మందీ, తలా ఒక శ్రుతిలో. ప్రొజెక్టరు కదల్లేదు.

"తోవ సూపిన తల్లి..."

"ఓ లాగు."

"సేపనడిగిన బేరం..."

మూడో పాదం చివర ఆమె గొంతు కిందికి, ఎక్కడో నీళ్ళ అడుక్కి జారింది. అయిపోయిందనుకునేలోగా ఊపిరి తియ్యకుండానే పైకి లేచింది. ఆ లేవడంతో పాటు పదిహేను నడుములూ ఒక్కటై వెనక్కి వాలాయి. ఇనప దిమ్మ నేల మీద కీచుమని అరిచి జానెడు జరిగింది.

"సంద్రమే సెప్పాల..."

"ఓ లాగు."

ఇప్పుడు గొంతులన్నీ ఒక దారిలో పడ్డాయి. కూర్చున్నవాళ్ళు కూడా లేచి తాడు అందుకున్నారు. పాట మళ్ళీ మొదటికి వచ్చింది, మళ్ళీ జారింది, మళ్ళీ లేచింది. నాలుగేళ్ళు కదలని బరువు మూరెడు, బారెడు, చివరికి గుమ్మం దాకా వచ్చి ఆగింది. అందరూ ఎక్కడివాళ్ళక్కడ కూలబడి రొప్పుతున్నారు, నవ్వుతున్నారు. శ్రీరామ్ అరచేతులు ఎర్రగా కమిలిపోయాయి. వాటిని చూసుకుంటూ అతనూ నవ్వుతున్నాడు.

అనంతపద్మనాభం గారు మాత్రం పాట మొదలైనప్పుడు మూసుకున్న కళ్ళు ఇంకా తెరవలేదు. హాలు సద్దుమణిగాక మెల్లగా అన్నారు.

"మూడో పాదం చివర ఆ జారుడుంది చూశారూ. వారం రోజులుగా వయొలిన్ మీద దానికోసం ప్రయత్నిస్తున్నాను. నాకు పలకలేదు. ఈవిడకి పలికింది. ఆ పాట ఈవిడదే. తులసి టీం నిలుస్తుంది."

తులసి అమ్మమ్మ భుజం మీద తల ఆనించింది. శ్రీరామ్ దగ్గరికొచ్చాడు.

"అనుమానించినందుకు ఏమీ అనుకోకు. గెలిచావని మాత్రం అనుకోకు. నాకు ఆరువందల పన్నెండు, నీకు నాలుగువందల ముప్పై ఒకటి. నా కెమెరామాన్ ఇంకా బరిలో ఉన్నాడు."

"సూద్దాం సార్" అంది తులసి. వారం రోజుల తరవాత ఆమె మనసారా నవ్వడం అదే.

* * *

నాలుగింటికి టీవీ పెట్టారు. విశాఖపట్నం వేదిక మీద దీపాలు, పూలు, ఉపన్యాసాలు. పురస్కారాలు మొదలయ్యేసరికి నాలుగున్నర దాటింది. ఉత్తమ ఛాయాగ్రాహకుడి కవరు విప్పినప్పుడు శ్రీరామ్ ముందుకు వంగి కూర్చున్నాడు. పేరు వేరేవాళ్ళది వచ్చింది. అతని జట్టులో ఇంక ఎవరూ మిగల్లేదు. ఆరువందల పన్నెండు దగ్గర ఆగిపోయాడు.

"ఉత్తమ గాయని" అంది యాంకరు.

అసిరమ్మ టీ తాగుతోంది. హాల్లో ఆమె ఒక్కర్తే నిబ్బరంగా ఉంది. తులసి ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. కవరు చింపడానికి ఆ పెద్దమనిషి తీసుకున్న సమయం ఆమెకి ఏడాది కన్నా పొడుగ్గా అనిపించింది.

"కెరటాల కింద చిత్రానికి గాను, అసిరమ్మ గారు."

హాలు పైకప్పు ఎగిరిపోతుందేమో అన్నంత కేక లేచింది. కెప్టెన్‌కి రెట్టింపు. రెండువందలు. ఆరువందల ముప్పై ఒకటి. పట్టికలో ఆ అంకె వేసింది శ్రీరామే. ఉమాశంకర్ అసిరమ్మ ముందుకొచ్చి, "సెప్పమ్మా, మీ పాలెమోళ్ళు ఎంతమంది? ఎన్ని ఆటోలు పంపాల?" అని అడుగుతున్నాడు. తులసి ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలీదు. "ఇంటున్నావా అమ్మమ్మా, పెద్ద తెర మీదే ఇంటావు" అని అదే మాట పదేపదే అంటోంది.

"అసిరమ్మ గారిని వేదిక మీదకి రావలసిందిగా కోరుతున్నాం" అంది టీవీ.

"ఈవిడ ఇక్కడుంటే అక్కడికి ఎవరొస్తారు?" అని ఎవరో నవ్వారు. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

రెండో వరసలోంచి ఒక మనిషి లేచింది. అరవై దాటిన మనిషి. ఆకుపచ్చ చీర, తెల్లటి ముడి. చేతులు జోడించుకుంటూ, తడబడకుండా మెట్లెక్కి బహుమానం అందుకుంది. హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. శ్రీరామ్ తులసి వైపు చూశాడు. ఈసారి ఆ చూపులో అనుమానం లేదు, అయోమయం ఉంది. మోసం, ఎవరో అమ్మమ్మ పేరు కాజేశారు, అనుకుంది తులసి.

వేదిక మీద మనిషి మైకు పట్టుకుని కళ్ళు మూసుకుంది.

"నీకొక గవ్వ, నాకొక గవ్వ..."

పాట అదే. పాదాలు వేరు. 'కెరటాల కింద'లో ఈ చరణం లేదు. తులసి ఇన్నేళ్ళలో అమ్మమ్మ నోట కూడా ఈ చరణం వినలేదు.

"ఓ లాగు" అంది అసిరమ్మ నోరు, ఆమెకే తెలీకుండా. టీ గ్లాసు చేతిలోంచి జారి పగిలింది.

"నీరెండిపోతే ఎవులిదే గవ్వ..."

"నీకెలా తెలుసే ఈ సరణం?" అంది తులసి.

అసిరమ్మ టీవీ మీంచి చూపు తిప్పలేదు. "ఇది నాను ఎవులికీ పాడనేదు. నానూ, నా సెల్లీ సిన్నప్పుడు ఒడ్డున కూకొని కట్టుకున్నాం. మూడో మడిసికి తెల్దు."

ఆ చెల్లి ఎవరో తులసికి తెలుసు. చిన్నమ్మమ్మ మరిడమ్మ. నలభై ఏళ్ళ కిందటి తుపానులో ఇల్లూ పడవా పోయిన రాత్రి మనిషీ పోయింది. శవం దొరకలేదు. ఏటా ఆ రోజున అమ్మమ్మ సముద్రంలోకి మోకాలి లోతు దిగి పసుపూ కుంకుమా వదులుతుంది. ఆ పూట అన్నం ముట్టదు.

టీవీలో యాంకరు నవ్వుతూ మైకు దగ్గరికి జరిగింది. "ఎంత బాగా పాడారండీ. అసిరమ్మ గారూ, ఈ పేరు మీకు ఎవరు పెట్టారు?"

ఆ మనిషి మెల్లగా చెప్పింది.

"ఈ పేరు నాది కాదమ్మా. నా తోడబుట్టిన అప్పది. తుపానులో మా అప్ప పోనాది. ఆ పేరైనా బతకాలని, నాను ఎట్టుకొని బతుకుతన్నాను."

అసిరమ్మ లేచి నిలబడింది. గాజుపెంకుల మీంచి అడుగేసి మెట్ల వైపు నడిచింది.

"ఒసే తులసీ, ఇసాపట్నం బస్సు ఎన్ని గంటలకే?"

"బస్సు కాదు" అంటూ శ్రీరామ్ అప్పటికే కారు తాళాలు తీశాడు. "ఏడింటికి గానీ సభ అయిపోదు. ఇప్పుడు బయల్దేరితే అందుకుంటాం. పదండి."

తులసి గుమ్మం దాటబోతూ ఒకసారి వెనక్కి తిరిగి టీవీ చూసింది. తెర మీద ఆకుపచ్చ చీర మనిషి బహుమానం గుండెకి హత్తుకుని మెట్లు దిగింది. తన కుర్చీ దగ్గర ఆగలేదు. ఎవరో పిలుస్తున్నా వినిపించుకోకుండా, సభ బయటికి వెళ్ళే తలుపు వైపు గబగబా నడుస్తోంది.